కళ్లజోళ్ల కొట్లో గాడిద మాయం

“ఈ భూమ్మీద నేరం చేసి తప్పించుకున్నవాడు ఎవడైనా ఉన్నాడంటే, అది వాడి తెలివి కాదు. ఆ రోజు నిఘానేత్రానికి వీలు పడలేదు, అంతే.”

ఈ మాట అన్నది నిఘానేత్రమే. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ, అద్దంలో తనని తాను సూటిగా చూసుకుంటూ అన్నాడు. అద్దంలో మనిషి కాదనలేదు.

నిఘానేత్రం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. తనే పెట్టుకున్నాడు, తనే విజిటింగ్ కార్డులు వేయించుకున్నాడు. రెండొందల కార్డుల్లో నూట తొంభై తొమ్మిది ఇంకా తన దగ్గరే ఉన్నాయి. ఒకటి భార్యకిచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, కుర్చీ ఊగకుండా కాలి కింద దోపింది. ఇంకోటి మామగారికిచ్చాడు. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టి, చెయ్యి చాపినంత దూరం పెట్టి చూసి, “అచ్చు చిన్నగా ఉంది అల్లుడూ, నలభై దాటినవాళ్లకి ఆనదు” అని వెనక్కిచ్చేశారు.

మామగారికి కళ్లజోళ్ల కొట్టు ఉంది. కింద కొట్టు, కొట్టు వెనక ఆయన వర్క్‌షాపు గది, పైన ఇల్లు. పగలంతా నిఘానేత్రం ఆ కొట్లోనే కౌంటర్ వెనక నిలబడి జోళ్లకి ముక్కు దిమ్మెలు మారుస్తాడు, వదులైన మరలు బిగిస్తాడు. అలా ఏడేళ్లు నిలబడేసరికి అతనికి మనుషులు మొహాలతో గుర్తుండడం మానేశారు. ఎవరైనా వీధిలో నమస్కారం పెడితే “ఎవరబ్బా ఈ మైనస్ మూడున్నర?” అనుకుంటాడు.

అప్పటికి అతను తేల్చిన కేసులు రెండు. మొదటిది, కొట్లో బుల్లి స్క్రూడ్రైవర్ పోయిన కేసు. తొమ్మిది రోజులు అలుపెరగని దర్యాప్తు చేశాక అది తన చొక్కా జేబులోనే దొరికింది. కేసు డైరీలో “ఇది లోపలి మనిషి పనేనన్న నా అనుమానం నిజమైంది” అని రాసుకున్నాడు. రెండోది, పక్కింటి పిల్లి అపహరణ. మొదటి కేసు కాగితాలు దాచిన పెట్టెలోనే అది పిల్లల్ని పెట్టి దొరికింది. ఆ దెబ్బతో మొదటి కేసు కాగితాలు లేకుండా పోయాయి. లోకానికి అదేమంత నష్టం కాలేదు.

మూడో కేసు డిసెంబరు పన్నెండున అటక మీంచి దిగింది.

అట్టపెట్టెని దించింది అతని భార్య. లోపల పాత చీర ముక్కల్లో చుట్టిన పదకొండు మట్టిబొమ్మలు. ఒక్కోటి వేలెడంత. బాల యేసు, మరియ, యోసేపు, ముగ్గురు జ్ఞానులు, ఒక గొర్రెల కాపరి, ఒక గొర్రె, ఒక ఎద్దు, ఒక గాడిద, ఒక దేవదూత. అత్తగారు బతికున్నప్పుడు ఏటా డిసెంబరులో వాటికి మళ్లీ రంగులేసి, విరిగినవి అతికించి, కొట్టు షోకేసులో పశువుల పాక పెట్టేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. మూడేళ్లుగా ఆ కొట్లో నక్షత్రం వెలగలేదు. క్రిస్మస్ రోజున మామగారు వర్క్‌షాపులో తలుపేసుకుని, లెన్సులు అరగదీస్తూ, ఒక్కరే తింటారు. పిలిస్తే “మీరు కానివ్వండమ్మా, నాకు పనుంది” అంటారు.

ఈసారి కూతురు అడిగింది. “నాన్నా, షోకేసులో పెట్టనా?”

ఆయన చేతిలో ఫ్రేము మీంచి తలెత్తలేదు. “పెట్టుకో. నన్ను మాత్రం చూడమనకు.”

ఆవిడ పెట్టింది. గాడిదకి ఒక చెవి లేదు. దేవదూత రెక్క చిట్లింది. రంగులన్నీ వెలిసిపోయి, ముగ్గురు జ్ఞానులూ దూరప్రయాణంలో నిజంగానే ఎండలో నడిచొచ్చినట్టున్నారు. బొమ్మల కింద గడ్డి సర్దుతూ ఆవిడ మొగుడితో నెమ్మదిగా అంది:

“ఇదే ఆఖరు అండీ. ఈసారి కూడా నాన్న మనతో కూర్చుని తినకపోతే, ఈ పెట్టె చర్చికి ఇచ్చేస్తాను. ఏటా దించడం, ఆయన మొహం చూడ్డం, మళ్లీ ఎక్కించడం. ఇంక నావల్ల కాదు.”

“నేనున్నాగా” అన్నాడు నిఘానేత్రం.

“మీరున్నారనే చెప్తున్నా. కొట్లో ఉండేది మీరు కాబట్టి వీటిని కాస్త చూసుకోండి. చూసుకోండి అంటే చూసుకోమనే. దర్యాప్తు చెయ్యమని కాదు.”

మర్నాడు మధ్యాహ్నం నిఘానేత్రం పైకెళ్లి భోంచేసి కిందికొచ్చేసరికి గాడిద లేదు.

అతని నరనరాల్లో విద్యుత్తు పాకింది. పరిగెత్తుకెళ్లి, కళ్ల మధ్య దూరం కొలిచే స్కేలు తెచ్చి, గాడిద నిలబడ్డ చోటి నుంచి షోకేసు తలుపు దాకా కొలిచాడు. రెండొందల పది మిల్లీమీటర్లు. ఆ కొలత ఎందుకో అతనికీ తెలీదు. డైరీలో రాసుకున్నాక మాత్రం కేసుకి ఒక నిండుదనం వచ్చింది.

“అంతర్జాతీయ ముఠా” అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. “ముందు గాడిదనే ఎందుకు ఎత్తుకెళ్లారో ఆలోచించావా? అది వాహనం. మిగతా సరుకంతా దాని మీదే తరలిస్తారు.”

“అది వేలెడంత మట్టి గాడిద అండీ.”

“చిన్న ముఠా అయ్యుంటుంది.”

ఆవిడ గాడిద ఉన్నచోట గడ్డిలో పడ్డ నాలుగు బుల్లి గుంటల్ని వేలితో సరిచేసింది. ఆ సాయంత్రం షోకేసుకి తాళం వేయించింది. తాళంచెవి రోజూ ఉండే మేకుకే తగిలించాడు నిఘానేత్రం. ఎందుకంటే అక్కడైతే ఎవరికైనా సులువుగా దొరుకుతుంది.

పద్నాలుగున గొర్రె పోయింది. పదిహేనున ఎద్దు. తాళం వేసింది వేసినట్టే ఉంది.

“తాళాలు కరిగించే రసాయనం” అని డైరీలో రాసి, తాళం కరగలేదని గుర్తొచ్చి కొట్టేసి, “కరిగించి మళ్లీ గట్టిపరిచే రసాయనం” అని దిద్దాడు.

ఇక అనుమానితుల వేట. పక్కనే బేకరీ. దాని యజమానురాలిని వీధి వీధంతా బేకరీ అక్క అంటారు. ఎవరూ గుర్తుపట్టకుండా ఉండాలని నిఘానేత్రం కొట్లోంచి నల్లద్దాలు తీసి పెట్టుకుని బేకరీలోకి అడుగుపెట్టాడు.

“రా తమ్ముడూ” అంది అక్క.

అతను కాస్త నొచ్చుకున్నాడు. “ఎలా గుర్తుపట్టావు?”

“అద్దాలకి ధర చీటీ వేలాడుతోంది. మీ కొట్టు చీటీయే. ఏం కావాలి?”

“నిజం కావాలి. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఎక్కడున్నావు?”

“పొయ్యి దగ్గర.”

“సాక్షులు?”

“రెండొందల బన్నులు.”

“వాటిని విడివిడిగా ప్రశ్నించాలి.”

“జనం తినేశారు తమ్ముడూ. ఇదొక్కటే మిగిలింది.”

అతను ఆ ఒక్క సాక్షినీ తీసుకుని అన్ని వైపుల నుంచీ పరిశీలించి, తినేశాడు. అంతలో అక్క చూపుడువేలు కనబడింది. నీలం రంగు. దేవదూత అంగీ కూడా నీలమే. దేవదూత ఇంకా షోకేసులోనే ఉన్నాడన్న చిన్న అడ్డంకిని పక్కనపెట్టి, నిఘానేత్రం నల్లద్దాలు పైకెత్తాడు.

“ఆ వేలికి నీలం ఎలా వచ్చింది?”

“కేక్ మీద క్రీము.”

“రుజువు?”

అక్క గిన్నె ముందుకు జరిపింది. అతను రుజువుని మూడు చెంచాలు తిని, ఆవిడని నిర్దోషిగా విడుదల చేశాడు.

నీలం రంగు అతన్ని వదల్లేదు. మర్నాడు మామగారి బొటనవేలు కూడా నీలంగా కనబడింది. నిఘానేత్రం గుండె ఝల్లుమంది. ఇక్కడే అతని బుర్ర మెరుపులా పనిచేసింది.

“మామయ్యా, మీకు రక్తం సరిగ్గా ఆడట్లేదు.”

మామగారు ఉలిక్కిపడి చేతిని జేబులో పెట్టుకున్నారు. “అవునా?”

“వేళ్ల చివర నీలం రావడం దానికి గుర్తు. మధ్యాహ్నం భోజనమయ్యాక కదలకుండా ఒక గంట కూర్చోండి. కౌంటర్ నేను చూసుకుంటా.”

“అలాగే” అన్నారు మామగారు, వెంటనే.

ఆ రోజు నుంచీ మధ్యాహ్నం రెండింటికల్లా మామగారు వర్క్‌షాపులో తలుపేసుకోవడం, బయట నిఘానేత్రం కుర్చీ వేసుకుని కాపలా కాయడం. ఎవరైనా వచ్చి “పెద్దాయన లేరా?” అంటే, “విశ్రాంతిలో ఉన్నారు, లోపలికి పంపను” అనేవాడు. ఒకటి రెండుసార్లు లోపల్నుంచి ఘాటైన వాసన వచ్చింది. మూత తీసిన సీసా వాసన. నిఘానేత్రానికి ఒళ్లు చల్లబడింది. మామయ్య తాగుతున్నారు. మనిషి బాధ తట్టుకోలేక చివరికి ఇలా అయ్యారు.

భార్యకి చెప్పలేదు. కిటికీ తెరిచాడు. మామగారు బయటికొచ్చాక చేతిలో రెండు ఏలకులు పెట్టాడు.

“ఇవెందుకు అల్లుడూ?”

“నోట్లో వేసుకోండి మామయ్యా. నేనేం చూడలేదు, నాకేం తెలీదు.”

ఆయన అల్లుడి మొహం ఒకసారి, ఏలకులు ఒకసారి చూసి, నోట్లో వేసుకున్నారు. ఈ మనిషితో వాదన పెట్టుకుంటే ఒక పూట పోతుందని ఆయనకి ఏడేళ్ల అనుభవం.

ఇరవయ్యో తేదీకి షోకేసులో మూడే బొమ్మలు మిగిలాయి. నిఘానేత్రం రాత్రిళ్లు నిద్ర మానేసి మరీ అసలు దొంగని తేల్చాడు. పాటల మాస్టారు.

పాటల మాస్టారంటే చర్చిలో బృందానికి పాటలు నేర్పే పెద్దమనిషి. మైనస్ తొమ్మిది. జోడు తీస్తే ఎదురుగా ఉన్నది గోడో మనిషో చెప్పలేరు. రోజూ సాయంత్రం కొట్టుకొచ్చి “ఈ జోడు కాస్త వదులైంది, బిగిస్తావా?” అని మామగారికిస్తారు. మామగారు ఒక మర అటు తిప్పి, ఇటు తిప్పి ఇస్తారు. ఇద్దరూ లోగొంతుకలో రెండు ముక్కలు మాట్లాడుకుంటారు. ఆయన వెళ్లిపోతారు. ఆ జోడు ఏనాడూ వదులుగా లేదని నిఘానేత్రం తన వృత్తి నైపుణ్యంతో కనిపెట్టాడు.

వదులుగా లేని జోడుని రోజూ బిగించుకునే మనిషి దేనికొస్తున్నట్టు? పైగా చేతిలో ఎప్పుడూ ఒక సంచి.

ఆ సాయంత్రం కొట్లో ఆరుగురు ఉన్నారు. మాస్టారు బయల్దేరుతుంటే నిఘానేత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఒక్క నిమిషం మాస్టారూ. ఆట ముగిసింది.”

“ఏ ఆట బాబూ?”

“ఆ సంచి తెరవండి.”

మాస్టారు అర్థంకాక అందరి వంకా చూసి, సంచిని కౌంటర్ మీద బోర్లించారు. పాటల కాగితాలు. ఒక మఫ్లర్. ఒక ఆపిల్ పండు. ఆపిల్ దొర్లుకుంటూ వెళ్లి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

“ఇంకేమైనా చూడాలా?” అన్నారు మాస్టారు. గొంతు పెరగలేదు. కాగితాలు ఒకటొకటిగా సర్దుకున్నారు. “ఇరవై అయిదున భోజనానికి రమ్మని అమ్మాయి పిలిచింది. రానని చెప్పు బాబూ.”

ఆయన వెళ్లిపోయాక చూస్తే వర్క్‌షాపు గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు.

“అల్లుడూ, ఆయన జోడు కోసం రాడు. ‘రేపు పాటకి వస్తావా’ అని అడగడానికొస్తాడు. నేను రానంటాను. మర్నాడు మళ్లీ వస్తాడు. మూడేళ్లుగా అంతే.” వెనక్కి తిరిగి, “ఇంక రాడు” అన్నారు. తలుపేసుకున్నారు.

నిఘానేత్రం ఆ రోజు డైరీలో “తప్పు” అని ఒక్క ముక్కే రాశాడు. కింద ఇంకేదైనా రాద్దామని గంటసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

ఇరవై మూడున బాల యేసు కూడా పోయాడు.

భార్య షోకేసు ముందు నిలబడింది. లోపల గడ్డి తప్ప ఏమీ లేదు. అతను పక్కకొచ్చి నిలబడ్డాడు. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాడు.

“వదిలెయ్యండి” అంది. “చర్చికివ్వడానికి కూడా ఏం మిగల్లేదు. ఒక పని తగ్గింది.”

ఆవిడ పైకెళ్లిపోయింది. మెట్ల మీద మామూలుగా దడదడా ఎక్కే మనిషి, ఒక్కో మెట్టూ ఎక్కుతోంది.

ఆ సాయంత్రం కొట్టు మూసేముందు నిఘానేత్రం చివరి అస్త్రం తీశాడు. వేలిముద్రలు. పౌడరు డబ్బా పట్టుకుని కౌంటర్, షోకేసు, కుర్చీలు, అక్షరాల బోర్డు, అన్నిటి మీదా చల్లాడు. ఆఖరికి తయారైన జోళ్లు పెట్టే అర దగ్గరికొచ్చాడు. ఆ కొట్లో పద్ధతేమిటంటే, జోడు తయారవగానే నల్లటి డబ్బాలో పెట్టి, డబ్బాకి రబ్బరు బ్యాండు వేసి, అందులో కస్టమర్ పేరు రాసిన చీటీ దోపుతారు. ముందు వరసలో అలాంటి డబ్బాలు తొమ్మిదున్నాయి. వెనక వరసలో చీటీల్లేనివి పదున్నాయి. అవెందుకున్నాయని ఎవరైనా ఆగి ఆలోచించేవారే. నిఘానేత్రం ఆగలేదు. చీటీలన్నీ తీశాడు, డబ్బాలన్నీ దించాడు, పౌడరు కొట్టాడు, వంద వేలిముద్రలు దొరికాయి. వందా తనవే. డబ్బాలు మళ్లీ ఎక్కించి, ముందున్న తొమ్మిదింటికి చీటీలు దోపి, తుమ్ముకుంటూ తాళం వేశాడు. ఏవి ముందువో ఏవి వెనకవో చూసుకోలేదు. అన్నీ నల్లగానే ఉన్నాయి మరి.

ఇరవై నాలుగు పొద్దున్న కొట్లో గోల. పండక్కి కొత్త జోడు కావాలని అందరూ ఒకేసారి వచ్చారు. మామగారు వర్క్‌షాపులోంచి బయటికి రాలేదు. “నువ్వే ఇచ్చెయ్యి అల్లుడూ, పని ఆగేది కాదు” అని లోపల్నుంచే కేకేశారు.

ఆ కొట్టుకి ఒక నియమం ఉంది. డబ్బా కస్టమర్ ముందే తెరవాలి. జోడు మనమే పెట్టాలి. చెవుల వెనక సరిచేసి, అద్దం చూపించి, అప్పుడు పంపాలి. నలభై ఏళ్లుగా ఆ నియమం తప్పింది లేదు. నిఘానేత్రం ఆ పొద్దున తప్పించాడు. డబ్బా తెరవాలంటే కళ్లు కిందికి దించాలి. కళ్లు దించితే ఎదుటివాళ్ల మొహంలో నేరభావన చూడ్డం కుదరదు. అందుకని అందరి కళ్లలోకీ రెప్పవెయ్యకుండా చూస్తూ, డబ్బాలు చేతిలో పెట్టి పంపించేశాడు. ఎనిమిది మంది వెళ్లారు. అందరిలోనూ నేరభావన కనిపించింది. అలా చూస్తే ఎవరిలోనైనా కనిపిస్తుంది.

తొమ్మిదో డబ్బా మాస్టారిది. ఆయన రాలేదు. మధ్యాహ్నం నిఘానేత్రమే దాన్ని పట్టుకుని వాళ్లింటికెళ్లాడు. దారంతా క్షమాపణ బట్టీపట్టాడు. తలుపు తెరుచుకోగానే మొత్తం మర్చిపోయాడు.

“కొత్త జోడు మాస్టారూ. నేను... ఆ రోజు... ఆపిల్ కడిగి తెచ్చాను.”

మాస్టారు డబ్బా, ఆపిల్ తీసుకుని, తలుపు వేసుకున్నారు.

అతను తిరిగొచ్చి కౌంటర్ వెనక పావుగంట నిలబడ్డాడో లేదో, మాస్టారు విసురుగా లోపలికొచ్చారు. డబ్బా తెరిచి కౌంటర్ మీద పెట్టారు. డబ్బాలో, జోడు పడుకునే మెత్తటి గుడ్డ మీద, దేవదూత పడుకుని ఉన్నాడు. కొత్త నీలం అంగీ, అతికించిన రెక్క.

“నా సంచిలో దొరకలేదని నా ఇంటికే పంపించావా? దొంగసొమ్ము నా దగ్గర పెట్టి, వెనకే పోలీసుల్ని తెద్దామనా?”

నిఘానేత్రం నోరు తెరిచాడు. మాట రాకముందే బేకరీ అక్క వచ్చింది.

“తమ్ముడూ, దగ్గర చూపుకి జోడు అడిగితే గాడిదనిచ్చావేంటి? కంటి దగ్గర పెట్టుకుని చూశా. ఏం తేడా లేదు.”

వెనకే దర్జీ, చేతిలో గొర్రె. అతని వెనక బస్సు డ్రైవరు, గొర్రెల కాపరితో. ముగ్గురు జ్ఞానులూ మూడు వీధుల నుంచి ముగ్గురి చేతుల్లో వచ్చారు. వాళ్లలో రిటైరైన టీచరమ్మ తన జ్ఞానిని బల్ల మీద నిలబెట్టి, “నాయనా, ఇది చదువుకోడానికా, నడిచేటప్పుడా?” అని తీరిగ్గా అడిగింది. మరియమ్మ ఒక నర్సుతో, యోసేపు ఒక వడ్రంగితో వచ్చారు. వడ్రంగి మాత్రం ఫిర్యాదు చెయ్యలేదు. “బొమ్మ బాగుంది. జోడు కూడా ఇస్తే వెళ్తా” అన్నాడు.

నిఘానేత్రం వెన్ను నిటారైంది. ముఠా మొత్తం ఒకేసారి లొంగిపోతోంది. తొమ్మిది మంది. తను ఒక్కడు.

“ఎక్కడివాళ్లక్కడ ఆగండి” అన్నాడు. “ఎవరూ కదలొద్దు. మామయ్యా, తలుపు వెయ్యండి. దొంగలు దొరికారు.”

వర్క్‌షాపు తలుపు తెరుచుకుంది. మామగారు గుమ్మంలో నిలబడ్డారు. ఒక చేతిలో సన్నటి కుంచె. ఇంకో చేతిలో, రంగు అంటకుండా రెండు వేళ్లతో పట్టుకున్న బాల యేసు. మెడలో గుడ్డ, గుడ్డ నిండా నీలం, ఎరుపు, పసుపు మరకలు. గదిలోంచి వార్నీషు వాసన.

నిఘానేత్రం ఆ కుంచెని చూశాడు, బొటనవేలిని చూశాడు, వాసన చూశాడు. వారం పైగా దొంగని కుర్చీ వేసుకుని కాపలా కాసింది తనేనని అర్థమవడానికి అంత పెద్ద బుర్రకి కూడా కాస్త సమయం పట్టింది.

“తాగట్లేదన్నమాట” అన్నాడు చివరికి.

“ఎవరు తాగేది?” అన్నారు మామగారు.

గోలకి భార్య మెట్లు దిగి వచ్చింది. కౌంటర్ మీద వరసగా ఉన్న బొమ్మల్ని చూసింది. ఒకటొకటే చేతిలోకి తీసుకుంది. గాడిద దగ్గర ఆగింది.

“చెవి నువ్వే అతికించావా నాన్నా?”

“ఆఁ.”

“వంకరగా అతికింది.”

“మీ అమ్మ అతికించినప్పుడూ వంకరగానే ఉండేదిగా. నాలుగుసార్లు తిన్నగా వచ్చింది. పీకేసి మళ్లీ అతికించాను.”

ఆవిడ గాడిదని కింద పెట్టలేదు. “చెప్తే ఏం పోయేది?”

“బాగా రాకపోతే ఎవరికీ తెలియకుండా ఊరుకుందామని. ఆరినవాటిని ఈ డబ్బాల్లో దాచాను, రేపు పొద్దున్నే నువ్వు లేచేసరికి అన్నీ షోకేసులో ఉండాలనుకున్నా. నీ మొగుడు ఊరందరికీ పంచిపెడతాడని నేను అనుకోలేదు.”

నిఘానేత్రం నేల వంక చూశాడు. నేల మీద నిన్నటి పౌడరు ఇంకా ఉంది.

మాస్టారు పాత జోడు తీసి తుడుచుకున్నారు. “రంగు బాగా వేశావు” అన్నారు మామగారితో.

“జోడు లేకుండా నీకేం కనబడుతుంది?”

“ఏం కనబడట్లేదు. అయినా బాగుంది.”

మామగారు బాల యేసుని కూతురి చేతికిచ్చి, గుడ్డకి చేతులు తుడుచుకుని, అర దగ్గరికెళ్లారు. మిగిలిన పది డబ్బాల్లో తొమ్మిదింట్లో జోళ్లున్నాయి, ఒకదాంట్లో ఎద్దు ఉంది. ఆయనే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, జోడు పెట్టి, చెవుల వెనక సరిచేసి, అద్దం చూపించారు. అందరి తర్వాత మాస్టారికి.

“వదులుగా ఉందా?”

“లేదు” అన్నారు మాస్టారు. అద్దం పక్కన పెట్టి, “రేపు భోజనానికి రానన్నాను. వస్తాను. నువ్వు కూర్చుంటావా?”

మామగారు ముక్కు దిమ్మె సరిచేస్తూనే ఉన్నారు. “చూద్దాం” అన్నారు. కూతురు వింది.

మర్నాడు పైన ఇంట్లో బల్ల చుట్టూ అయిదు కుర్చీలు. నిఘానేత్రం ఒకదాంట్లో, మాస్టారు ఒకదాంట్లో, పెద్ద కేక్‌తో బేకరీ అక్క ఒకదాంట్లో. భార్య వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతోంది. తెచ్చిన గిన్నెనే మళ్లీ తీసుకెళ్లి, మళ్లీ తెస్తోంది. కింద లెన్సులు అరగదీసే మెషీను చప్పుడవుతోంది.

“పిలవనా?” అన్నాడు నిఘానేత్రం.

“వద్దు” అంది ఆవిడ. “మూడేళ్లు పిలిచాను. ఈసారి పిలవను.”

సూపు మీద ఆవిరి తగ్గింది. అక్క కేక్ మీద లేని ఈగని రెండుసార్లు తోలింది. కింద మెషీను ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మెట్ల మీద అడుగులు.

మామగారు తలుపు తోసుకుని వచ్చారు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చంకలో కంచం. మూడేళ్లుగా వర్క్‌షాపులోనే ఉండిపోయిన, అంచున సొట్టపడ్డ కంచం. దాన్ని అయిదో కుర్చీ ముందు పెట్టి కూర్చున్నారు.

“ఏంటి, ఇంకా మొదలెట్టలేదా? చల్లారిపోతోంది.”

కూతురు వడ్డించింది. ఆయన కంచంలో రెండు గరిటెలు ఎక్కువ పడ్డాయి. ఆయన వద్దనలేదు.

అందరూ తింటున్నారు. మామగారే అల్లుడి వైపు తిరిగారు.

“అల్లుడూ, ఈ కేసు ఎలా తేల్చావో చెప్పు. మాస్టారికి పూర్తిగా తెలీదు.”

నిఘానేత్రం చెంచా కింద పెట్టాడు. నిజం చెప్పాలని ఒక క్షణం అనుకున్నాడు. ఆ క్షణం ఎక్కువసేపు నిలవలేదు.

“అంతా పథకం ప్రకారమే” అన్నాడు. “మొదటి రోజే నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“మీకు రక్తం బాగానే ఆడుతోందని.”

“మరి ఏలకులెందుకిచ్చావు?”

“దొంగకి అనుమానం రాకూడదుగా. అరలో డబ్బాలు తారుమారు చేసింది కూడా కావాలనే. ఎందుకంటే దొంగ బయటికి రావాలంటే గాడిద ముందు అక్క చేతికెళ్లాలి. రెండొందల పది మిల్లీమీటర్లు. ఆ లెక్క మీకు అర్థం కాదు.”

“నీకు అర్థమైందా?”

“ఇంకా లేదు మామయ్యా” అన్నాడు నిఘానేత్రం, నిజాయితీగా. “నిన్న ఆ తొమ్మిది మందినీ అరెస్టు చేద్దామనుకున్నాను. వడ్రంగిని చూసి భయమేసి ఆగాను.”

మామగారి భుజాలు కదిలాయి. ముందు చప్పుడు లేదు. తర్వాత ముక్కులోంచి ఏదో వచ్చింది. ఆ తర్వాత ఆయన బల్ల మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని, లోతైన బొంగురు గొంతుతో నవ్వారు. మాస్టారికీ అంటుకుంది. అక్క కొంగుతో నోరు మూసుకుంది. మామగారు ఆగుదామనుకుని, అల్లుడి మొహం చూసి, మళ్లీ మొదలుపెట్టారు.

వంటింటి గుమ్మంలో, గరిటె పట్టుకుని, భార్య అటు తిరిగి నిలబడి ఉంది. ఉప్పు డబ్బా కోసం లోపలికెళ్లింది. ఉప్పు బల్ల మీదే ఉంది. ఆవిడ వీపు వణుకుతోంది.

నిఘానేత్రం ఆమెని చూశాడు. ఆమె ఎందుకు అటు తిరిగి నిలబడిందో, ఎందుకు ఇప్పట్లో ఇటు తిరగదో, స్కేలు, పౌడరు, నల్లద్దాలు ఏవీ లేకుండానే తెలిసిపోయింది. తన వృత్తి జీవితంలో మొట్టమొదటిసారి ఒక విషయాన్ని సరిగ్గా కనిపెట్టాడు.

ఎవరికీ చెప్పలేదు. మామగారి కంచంలో ఇంకో ముక్క కేక్ వేశాడు.